పాత డ్రైవ్-ఇన్ రెస్టారెంట్ల లెక్క ఎక్కడ తప్పింది

అమెరికాలో కార్లు తగ్గలేదు. కార్లో కూర్చుని హాంబర్గర్ తినేవాళ్లూ తగ్గలేదు. అక్కడి పెద్ద ఫాస్ట్‌ఫుడ్ కంపెనీల అమ్మకాల్లో సగానికి పైగా నేటికీ కారు దిగనివాళ్ల నుంచే వస్తున్నాయి. అయినా 1950లలో ఊరూరా రంగురంగుల నియాన్ దీపాలతో వెలిగిన పాత డ్రైవ్-ఇన్ రెస్టారెంటు 1970లు ముగిసేసరికి చాలాచోట్ల కనుమరుగైంది. కారు తెచ్చి గీతల మధ్య ఆపితే మనిషి వచ్చి ఆర్డరు రాసుకుని, తలుపు అద్దానికి ట్రే తగిలించి, తిన్నాక మళ్లీ వచ్చి ట్రే తీసుకుపోయే పద్ధతి అది. కిటికీ దగ్గర పొట్లం అందుకుని వెళ్లిపోయే నేటి డ్రైవ్-త్రూ వేరు. రెండూ కారు కోసం పుట్టినవే. కానీ డ్రైవ్-ఇన్‌లో కారు ఆగుతుంది, డ్రైవ్-త్రూలో కదులుతూ ఉంటుంది. మొదటిది మూతపడటానికీ రెండోది విస్తరించడానికీ కారణం ఈ ఒక్క తేడాలోనే ఉంది.

1973 చమురు సంక్షోభమే డ్రైవ్-ఇన్‌లను ముంచిందని తరచూ చెబుతుంటారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. ఇంటింటా పేరు తెలిసిన ఒక హాంబర్గర్ కంపెనీ కారు దగ్గరికి ట్రే పంపడం మానేసి బాగుపడటం 1948లోనే మొదలైంది. పెట్రోలు బంకుల ముందు బారులు తీరేనాటికి ఈ వ్యాపారం అప్పటికే కుంగిపోయి ఉంది.

డాలస్ రోడ్డు పక్కన

1921లో టెక్సాస్‌లో డాలస్–ఫోర్ట్‌వర్త్ రహదారి పక్కన జెస్సీ కర్బీ, రూబెన్ జాక్సన్ కలిసి పిగ్ స్టాండ్ తెరిచారు. ఇప్పుడు వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ప్రాంతమే అది. అమ్మింది పంది మాంసపు బార్బెక్యూ శాండ్‌విచ్. అప్పటి కార్లకు తలుపుల కింద పొడవాటి ఫుట్‌బోర్డు ఉండేది. కారు పూర్తిగా ఆగకముందే కుర్రాళ్లు దాని మీదికి గెంతి ఆర్డరు తీసుకునేవారు. వాళ్లనే కార్‌హాప్‌లు అన్నారు. కాలిఫోర్నియాలో 1919లో రూట్ బీర్ బడ్డీగా మొదలైన ఏ అండ్ డబ్ల్యూ కూడా 1920లలో శాక్రమెంటోలో కార్ల దగ్గరికే ట్రేలు పంపడం మొదలుపెట్టింది. రూట్ బీర్ అంటే మద్యం కాదు, చల్లగా తాగే తియ్యటి సోడా. అట్లాంటాలో ఫ్రాంక్ గోర్డీ 1928లో పెట్టిన వార్సిటీ ఇప్పటికీ నడుస్తోంది.

1930లలో లాస్ ఏంజెలెస్ డ్రైవ్-ఇన్‌లు గుండ్రటి భవనాల్లో వచ్చాయి. మధ్యలో వంటగది, చుట్టూ ముక్కులు లోపలికి పెట్టి నిలబడ్డ కార్లు. దీనివల్ల ఏ కారుకైనా నడక దాదాపు ఒకటే. చూడ్డానికి అందంగా ఉండేది, తక్కువ స్థలంలో కుదిరేది. కానీ గుండ్రటి వంటగదిలో పొయ్యిలు, ఫ్రిజ్‌లు సరిగా అమరవు. వ్యాపారం పెరిగితే గోడ జరపడానికి దారి లేదు. కార్లన్నీ వెనక్కి తీసుకుని వలయం దాటాలి కాబట్టి రద్దీ వేళ ఒకదానికొకటి అడ్డం పడేవి. అందుకే యుద్ధం తర్వాత కట్టినవాటిలో చాలా భాగం గుండ్రటి ఆకారం వదిలేసి, పొడవాటి రేకుల పందిరి కింద వరసగా స్లాట్లు పెట్టాయి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1942 నుంచి పెట్రోలు, టైర్లు, చక్కెరకు, ఆ మరుసటి ఏడు మాంసానికి రేషన్ పెట్టారు. ఆడపిల్లలను కార్‌హాప్‌లుగా పెట్టుకోవడం అంతకు ముందే మొదలైంది. 1940 ఫిబ్రవరి లైఫ్ పత్రిక ముఖచిత్రంగా హ్యూస్టన్ కార్‌హాప్ అమ్మాయి ఫొటో వేశారు. మగవాళ్లు సైన్యానికి వెళ్లడంతో ఆ పద్ధతే ఖాయమైంది. ప్రపంచమంతా డ్రైవ్-ఇన్‌గా ఊహించుకునే యూనిఫాం, టోపీ, చక్రాల బూట్ల బొమ్మ యుద్ధం తర్వాతి పదిహేనేళ్లది. చక్రాల బూట్లు అన్నిచోట్లా ఉండేవి కావు. వాన నీరు పోవడానికి తారు నేలను వాలుగా వేస్తారు. ఆ వాలులో ట్రేతో జారడం అంటే దెబ్బ తగిలినప్పుడల్లా యజమానికి ఖర్చు.

ఒక కారుకు మూడు నడకలు

డ్రైవ్-ఇన్ కష్టాలు అర్థం కావాలంటే రద్దీ సాయంత్రం పని ఎలా సాగేదో చూడాలి.

కారు స్లాట్‌లోకి వస్తుంది. హారన్ కొట్టనివ్వరు, పక్కవాళ్లు ఫిర్యాదు చేస్తారు. హెడ్‌లైట్లు వేస్తే మనిషి కావాలని అర్థం. కార్‌హాప్ వచ్చి చీటీ రాసుకుని, కారు గుర్తుండేలా నంబరు పెట్టి, వంటగది కిటికీ దగ్గర చీటీ ఇస్తుంది. ఇది మొదటి నడక. వంట పూర్తయ్యాక లోపల ఒకరు చీటీ చూసి ట్రే సర్దుతారు. ఆ ట్రే తీసుకెళ్లి తగిలించడం రెండో నడక. తిన్నాక మళ్లీ లైట్లు వేస్తే వెళ్లి ట్రే, గ్లాసులు, ప్లేట్లు తేవడం మూడోది. కెచప్ మరిచిపోయినా, ఇంకో మిల్క్‌షేక్ అడిగినా నాలుగోది.

దూరం లెక్క వేద్దాం. తొమ్మిది అడుగుల వెడల్పున్న స్లాట్లు రెండు వరసల్లో 20 చొప్పున ఉంటే వరస పొడవు 180 అడుగులు. వంటగది ఒక చివర ఉంటే సగటు దూరం 90 అడుగులు, రానూపోనూ 180. మూడు నడకలకు ఒక్కో కారుకు 540 అడుగులు. గంటకు 60 కార్లు వస్తే, నలుగురు కార్‌హాప్‌లు పంచుకున్నా ఒక్కొక్కరు గంటకు 8,100 అడుగులు, అంటే దాదాపు రెండున్నర కిలోమీటర్లు నడవాలి. అందులో చాలా భాగం చేతిలో బరువుతోనే. ఏ అండ్ డబ్ల్యూ రూట్ బీర్ గాజు మగ్గులు చల్లదనం నిలవడానికి మందంగా, బరువుగా ఉండేవి. నాలుగు మగ్గులు, నాలుగు ప్లేట్లు పెట్టిన ట్రేను ఒక అరచేతి మీద మోయడం సాధన చేస్తే తప్ప రాదు.

ట్రేది వేరే కథ. అల్యూమినియం పళ్లెం, ఒక పక్క రబ్బరు తొడిగిన రెండు కొక్కేలు, కింద తలుపుకు ఆనే ఊత. అద్దాన్ని కొద్ది అంగుళాలు పైకి లేపి ఉంచితేనే కొక్కెం పట్టుకుంటుంది. పూర్తిగా దించితే పట్టు దొరకదు, మరీ పైకి ఉంచితే లోపలున్నవాళ్ల చేతికి ట్రే అందదు. అద్దం నిటారుగా, తలుపు చదునుగా ఉన్న కార్లకు ఇది బాగా కుదిరింది. 1960లలో కార్ల అద్దాలు లోపలికి వంగడం, తలుపులు బయటికి ఉబ్బడం మొదలైంది. ఊత సరైన చోట ఆనక ట్రే వాలిపోయేది. అద్దం మీట పిల్లలు తిప్పితే తిండంతా నేలపాలు. ట్రే తీయకుండానే కారు కదిలించేవాళ్లు, మగ్గు సీటు కింద పెట్టుకుపోయేవాళ్లు ఎక్కడైనా ఉండేవాళ్లే. పగిలిన గాజుకు, పోయిన స్పూన్లకు నెలనెలా కొంత ఖర్చు రాసుకోవలసిందే.

తిండి చల్లారడం ఇంకా పెద్ద సమస్య. బంగాళాదుంప ఫ్రైస్ నూనెలోంచి తీశాక కరకరలాడేది కొన్ని నిమిషాలే. కార్‌హాప్ వేరే కారు దగ్గర ట్రే తీస్తుంటే, సిద్ధమైన ఆర్డరు వంటగది కిటికీలో చల్లారుతూ ఉంటుంది. తర్వాత తెరిచిన ట్రే మీద గాలిలో వంద అడుగుల ప్రయాణం. ఒకేసారి పది కార్లు వస్తే ఆర్డర్లు ఒకేసారి వంటగదిలో పడతాయి, ట్రేలు ఒకేసారి సిద్ధమవుతాయి, మోసే చేతులు మాత్రం అవే. ఇక్కడ తప్పు వంటవాడిదీ కాదు, మోసే అమ్మాయిదీ కాదు. వంటకూ మోతకూ వేగం కలవకపోవడమే అసలు లోపం.

డబ్బు విషయంలోనూ బరువు కార్‌హాప్ మీదే పడేది. చాలాచోట్ల ఆమె తన దగ్గరున్న చిల్లరతోనో, టోకెన్లతోనో వంటగది నుంచి ఆర్డరు కొన్నట్టు లెక్క. తర్వాత కారువాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. ఎవరైనా ఎగ్గొట్టి వెళ్లిపోతే ఆ నష్టం ఆమెదే. జీతం నామమాత్రం, బతుకు టిప్పుల మీద. ఈ వ్యవస్థ అన్నేళ్లు లాభంతో నడవడంలో పెద్ద వాటా ఆ చవక శ్రమదే. పాత ఫొటోలు చూసి మురిసిపోయే రాతల్లో ఈ మాట ఎక్కువగా కనిపించదు.

స్లాట్ గంట

ఇప్పుడు అసలు లెక్క. 40 స్లాట్ల డ్రైవ్-ఇన్‌లో ఒక కారు వచ్చి, ఆర్డరిచ్చి, తిని, డబ్బు కట్టి వెళ్లడానికి సగటున 40 నిమిషాలు పడుతుందనుకుందాం. క్షణం ఖాళీ లేకుండా నిండినా గంటకు 60 కార్లే. 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవున్న స్లాట్‌కు కారు తిప్పుకునే దారిలో వాటా కూడా కలిపితే కారుకు సుమారు 300 చదరపు అడుగులు. మొత్తం 12,000 చదరపు అడుగులు, మన లెక్కలో 1,330 గజాల పైమాటే. భవనం దీనికి అదనం.

దీని పక్కన నిమిషానికో కారును పంపే ఒక్క కిటికీని పెట్టి చూడండి. గంటకు అవే 60 కార్లు. వరసలో పది కార్లు నిలబడటానికి ఒక్కోదానికి 20 అడుగుల చొప్పున 200 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున్న దారి చాలు. 2,400 చదరపు అడుగులు, అంటే 270 గజాలలోపే. అమ్మకం అంతే, స్థలం ఐదో వంతు. నిమిషానికో కారు పంపాలంటే చిన్న మెనూ, చేయి తిరిగిన సిబ్బంది, సగం సిద్ధంగా ఉన్న తిండి కావాలి. తొలి రోజుల్లో కారుకు రెండు నిమిషాలు పట్టిందనుకున్నా, ఒక్కో కారుకు అయ్యే స్థలంలో తేడా రెండున్నర రెట్లు మిగులుతుంది.

స్థలం కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. డ్రైవ్-ఇన్‌లో ఆ 40 నిమిషాల్లో వంట ఎనిమిది నిమిషాలు అనుకుందాం. యజమాని కొత్త పొయ్యిలు కొని, పనివాళ్లకు నేర్పించి, దాన్ని నాలుగుకు తగ్గించాడు. కారు ఇప్పుడు 36 నిమిషాలు ఉంటుంది. వంట రెండింతలు వేగమైతే అమ్మకం పెరిగేది దాదాపు పదో వంతు. ఎందుకంటే మిగతా సమయమంతా తినేవాళ్ల చేతిలో ఉంది. కిటికీ పద్ధతిలో అదే మార్పు చేస్తే వరస దాదాపు రెండింతలు వేగంగా కదులుతుంది. 1950లలో వంటగదిలో వచ్చిన ప్రతి మెరుగుదలా కిటికీ దుకాణానికి లాభమైంది. డ్రైవ్-ఇన్‌కు పెద్దగా ఒరిగిందేమీ లేదు. పోటీ అక్కడే ముగిసింది. ఆ తర్వాత వచ్చిన జీతాల చట్టాలు, కొత్త రోడ్లు, చమురు ధరలు అన్నీ ముగింపును త్వరపెట్టాయంతే.

1948లో మూసి తెరిచిన దుకాణం

ఈ సంగతి తొలుత గ్రహించినవాళ్లలో ఒక డ్రైవ్-ఇన్ యజమానులే ఉన్నారు. రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ సోదరులు కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 1940లో బార్బెక్యూ డ్రైవ్-ఇన్ తెరిచారు. ఇరవై మంది కార్‌హాప్‌లు, పాతిక రకాల మెనూ, మంచి లాభాలు. బిల్లులు తిరగేసి చూస్తే అమ్మకాల్లో 80 శాతం హాంబర్గర్లే. 1948లో మూడు నెలలు దుకాణం మూసేసి, ఆ డిసెంబరులో కొత్త పద్ధతిలో తెరిచారు. కార్‌హాప్‌లను తీసేశారు. వాళ్లు ట్రేలు అందుకునే కిటికీలనే జనం నేరుగా వచ్చి కొనుక్కునే కిటికీలుగా మార్చారు. మెనూ తొమ్మిది రకాలకు కుదించారు. గాజు, పింగాణీ, స్పూన్లు పోయి కాగితం వచ్చింది. కెచప్, ఆవాల ముద్ద, ఉల్లిపాయ, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు అందరికీ ఒకే తీరున వేసి ముందే సిద్ధం చేశారు. హాంబర్గర్ ధర 30 సెంట్ల నుంచి 15కు దించారు.

మొదట్లో అమ్మకాలు పడిపోయాయి. పాత ఖాతాదారులు కార్లో కూర్చుని లైట్లు వేసి ఎదురుచూశారు, ఎవరూ రాలేదు. తర్వాత నెమ్మదిగా పిల్లలున్న కుటుంబాలు, పనివాళ్లు రావడం మొదలై అమ్మకాలు పాత స్థాయిని దాటాయి. వీటినీ జనం చాలాకాలం డ్రైవ్-ఇన్ అనే పిలిచారు, కారు ఆపుకోవడానికి చోటుంది కాబట్టి. కానీ లోపలి లెక్క మారిపోయింది. కారు స్లాట్‌లో ఉండేది కొద్ది నిమిషాలే, నడక ఖర్చు కొనేవాడిదే.

మైకులు, కిటికీలు

డ్రైవ్-ఇన్‌ల వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1950లలో టెలీట్రే, ఆట్-ఓ-హాప్ వంటి పేర్లతో స్లాట్ స్లాట్‌కూ మైకు పెట్టే పరికరాలు మార్కెట్లోకి వచ్చాయి. కారులోంచే మీట నొక్కి ఆర్డరు చెబితే, లోపల స్విచ్‌బోర్డు దగ్గర కూర్చున్నవాళ్లు రాసుకుంటారు. మొదటి నడక పూర్తిగా తప్పుతుంది, అంటే మూడోవంతు శ్రమ ఆదా. ఖర్చు వేరే చోట పడింది. తారు కింద తీగలు వేయాలి, స్తంభాన్ని కార్లు గుద్దుతాయి, పెట్టెలో తడి చేరితే గరగర తప్ప మాట వినిపించదు. పైగా తినే సమయం తగ్గలేదు. స్లాట్ నిండి ఉన్నంతకాలం ఆర్డరు ఎంత వేగంగా అందినా కొత్త కారు లోపలికి రాలేదు.

ఓక్లహామా రాష్ట్రం షానీలో ట్రాయ్ స్మిత్ 1953లో మొదలుపెట్టిన టాప్ హ్యాట్ ఈ మైకుల మీదే నిలబడింది. ఆ పేరు వేరేవాళ్ల హక్కులో ఉందని తెలిసి 1959లో సోనిక్ అయింది. నేడు మిగిలిన డ్రైవ్-ఇన్‌లలో అదే అతి పెద్దది.

కిటికీ పద్ధతికి కూడా పట్టు దొరకడానికి కాలం పట్టింది. మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రెడ్స్ జెయింట్ హాంబర్గ్ 1947లోనే కిటికీ పెట్టింది. కాలిఫోర్నియాలోని బాల్డ్‌విన్ పార్క్‌లో ఇన్-ఎన్-అవుట్ 1948లో రెండువైపులా మాట్లాడుకునే మైకుతో మొదలైంది. శాన్ డియేగోలో జాక్ ఇన్ ద బాక్స్ 1951లో వచ్చింది. కానీ వెండీస్ కిటికీ పెట్టింది 1970లో, మెక్‌డొనాల్డ్స్ తొలి డ్రైవ్-త్రూ 1975లో, అరిజోనాలోని సియెర్రా విస్టాలో. పక్కనున్న సైనిక స్థావరం వాళ్లు యూనిఫాంలో కారు దిగకూడదన్న నియమం దానికి కారణం. పాతికేళ్లు ఎందుకు ఆగింది? పాత మైకులో మాట తెలియకపోవడం ఒకటి. తిండిని ఎక్కడ పెట్టుకోవాలన్నది అంతకంటే పెద్ద చిక్కు. కారులో గ్లాసు పెట్టుకునే గుంట అప్పట్లో మామూలు వసతి కాదు, అది 1980లలో గానీ అందరికీ రాలేదు. డ్రైవ్-ఇన్ ట్రే అప్పటికి ఆ చిక్కును తీర్చిన సాధనం. ఒలకని మూత ఉన్న కాగితపు గ్లాసు, ఒంటిచేత్తో తినగలిగేలా కట్టిన పొట్లం కుదిరాక ట్రే అవసరం తీరిపోయింది.

ఒక కోక్, నాలుగు స్ట్రాలు

శుక్రవారం రాత్రి కుర్రకారు డ్రైవ్-ఇన్‌కు అందం, శాపం రెండూ. ఒక కారులో నలుగురు వచ్చి ఒక కోక్, ఒక ప్లేటు ఫ్రైస్ తీసుకుని గంటన్నర కూర్చుంటే, ఆ స్లాట్ రెండు కుటుంబాలకు పైగా తినేసి వెళ్లే సమయాన్ని మింగేస్తుంది. అదీ వారంలో అత్యంత రద్దీ వేళ. ఏమీ కొనకుండా స్నేహితుల కోసం లోపల చుట్లు కొట్టే కార్లు ఇంకో తలనొప్పి. ఇంజన్ల రొద, రేడియోలు, బయటి నుంచి తెచ్చుకున్న బీరు, అప్పుడప్పుడు కొట్లాటలు.

యజమానులు గేట్లు పెట్టారు, లోపలికి వచ్చేటప్పుడే కొంత సొమ్ము తీసుకుని బిల్లులో తగ్గించే పద్ధతి ప్రయత్నించారు, డ్యూటీలో లేని పోలీసులను కాపలా పెట్టుకున్నారు. చాలా నగరాలు గుమిగూడటం మీద నిబంధనలు తెచ్చాయి. వీటిలో ప్రతిదీ ఖర్చే. పైగా గేటు, పోలీసు కనిపించే చోటికి పిల్లలతో రావాలని ఏ తల్లిదండ్రులకు ఉంటుంది? మెక్‌డొనాల్డ్స్‌ను 1955 నుంచి విస్తరింపజేసిన రే క్రాక్ తన దుకాణాల్లో జూక్‌బాక్సులు (నాణెం వేస్తే పాట వినిపించే యంత్రాలు), టెలిఫోన్ బూత్‌లు, సిగరెట్ యంత్రాలు పెట్టనివ్వలేదు. ఆగడానికి కారణమయ్యే ప్రతి వస్తువునూ తీసేయడం అతని విధానం. నిర్దయగా అనిపించినా వ్యాపారంగా అది సరైన అంచనాయే.

జీతం, రోడ్డు, చల్లటి గది

1966లో అమెరికా కనీస వేతన చట్టాన్ని సవరించి హోటల్ పనివాళ్లకు వర్తింపజేశారు. 1967 ఫిబ్రవరి నుంచి ఇలా కొత్తగా చట్టం పరిధిలోకి వచ్చినవాళ్లకు గంటకు ఒక డాలరు. అందులో సగం దాకా టిప్పులతో సర్దుకోవచ్చు. మొదట పెద్ద టర్నోవరు ఉన్న సంస్థలకే వర్తించింది, తర్వాత పరిధి పెరుగుతూ వచ్చింది. మొత్తం చిన్నదే కావచ్చు. కానీ దాదాపు టిప్పుల మీదే నలుగురైదుగురిని నిలబెట్టుకున్న చోట, ఖాళీగా ఉన్న మధ్యాహ్నం గంటలకు కూడా జీతం కట్టాల్సి వచ్చింది. కిటికీ దుకాణంలో ఖాళీ సమయంలో అదే మనిషి లోపల ఉల్లిపాయలు తరగవచ్చు. స్లాట్ల మధ్య నిలబడ్డ మనిషి అలా రెండు పనులకు కుదరదు.

అదే కాలంలో రోడ్లు మారాయి. 1956 చట్టంతో 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం మొదలైంది. ఈ రోడ్ల హద్దుల్లో దుకాణాలకు అనుమతి లేదు. దిగే కూడళ్ల దగ్గరే వ్యాపారం. పాత రూట్ 66 లాంటి రోడ్ల మీద ఊరి మధ్యనుంచి నెమ్మదిగా వెళ్లే కారుకు నియాన్ బోర్డు కనిపించేది, తోచినప్పుడు ఆగేవారు. కొత్త రోడ్డు మీద గంటకు 70 మైళ్ల వేగంతో పోయే మనిషికి మైలు ముందే నిర్ణయం తీసుకోవాలి. అప్పుడు ఎన్నడూ తినని స్థానిక హోటల్ కంటే ఊరూరా ఒకే రుచి ఇచ్చే పేరున్న బోర్డు వైపే చేయి తిరుగుతుంది.

వాతావరణం గురించి ఎక్కువగా మాట్లాడరు గానీ అది పెద్ద కారణమే. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం నెలల తరబడి మూసేయాలి. జీతాలు ఆగినా పన్ను ఆగదు. అక్కడ ఆస్తి పన్ను ఏటా మార్కెట్ విలువను బట్టి వేస్తారు కాబట్టి, ఊరు పెరిగి చుట్టూ ధరలు పెరిగితే ఎకరం స్థలంలో హాంబర్గర్లు అమ్మే యజమాని మీద భారం పెరుగుతూ పోతుంది. దక్షిణాదిలో చలి బెడద లేదు. కానీ ఇళ్లకు, కార్లకు, హోటళ్లకు ఏసీ రావడంతో టెక్సాస్ ఎండలో అద్దం దించుకుని తినడం సుఖం అనిపించుకోలేదు. మెక్‌డొనాల్డ్స్ 1962లో డెన్వర్‌లో మొదటిసారి లోపల కూర్చునే ఏర్పాటు చేసింది. బిగ్ బాయ్ వంటి సంస్థలు కూడా క్రమంగా లోపలి బల్లల వైపు మొగ్గాయి. ఏ అండ్ డబ్ల్యూ శాఖలు 1970 నాటికి 2,000 దాటాయి, ఆ తర్వాత వాటిలో ఎక్కువ భాగం మూతపడ్డాయి.

మిగిలినవి ఎలా మిగిలాయి

సోనిక్‌కు నేడు దాదాపు 3,500 శాఖలున్నాయి. ఎక్కువ భాగం చలి తక్కువగా ఉండే దక్షిణ, మధ్య రాష్ట్రాల్లోనే. డాలస్, ఆస్టిన్ శివార్లలో ఉండే తెలుగు పిల్లలకు అక్కడి స్లష్‌లు, అంటే మంచు తురుముతో చేసే తియ్యటి పానీయాలు, బాగా తెలుసు. ఆ స్లష్‌లే సోనిక్ గుట్టు. మధ్యాహ్నం సగం ధరకు అమ్మే పానీయాలతో, భోజనం వేళ కాని సమయంలో ఖాళీగా పడి ఉండే స్లాట్లు నిండుతాయి. పానీయం చల్లారి పాడయ్యేది కాదు, తయారీ ఖర్చు తక్కువ, తాగేవాడు త్వరగా వెళ్లిపోతాడు. ఆర్డరు మైకులో, ఇప్పుడు ఫోన్ యాప్‌లో. చేతికి వచ్చేది కాగితపు సంచీ, కాబట్టి మూడో నడక కూడా లేదు. మూడు నడకల్లో ఒక్కటే మిగిలింది. చాలా శాఖలకు డ్రైవ్-త్రూ దారి కూడా చేర్చారు.

ఓహాయోలోని ఆక్రన్‌లో 1934లో మొదలైన స్వెన్సన్స్ మరో దారి పట్టింది. లోపల బల్లలు లేవు, లైట్లు వేస్తే కుర్రాళ్లు పరుగున వస్తారు. నిజంగానే పరుగు, అక్కడ అది ఉద్యోగంలో భాగం. నడక దూరాన్ని తగ్గించలేనప్పుడు నడక వేగాన్ని పెంచడం అది. చలి రాష్ట్రంలో ఉండి కూడా ఇటీవలి ఏళ్లలో కొలంబస్, క్లీవ్‌లాండ్ వైపు విస్తరించింది. షికాగోలో 1948 నాటి సూపర్‌డాగ్ ఇంకా మైకుల్లో ఆర్డరు తీసుకుని ట్రే తగిలిస్తోంది. అక్కడికి జనం హాట్‌డాగ్‌తో పాటు ఆ ట్రే కోసం కూడా వస్తారు. అలాంటి చోట్ల ఆగడమే సరుకు, కాబట్టి ధరలో దాన్ని కలుపుకోవచ్చు. కానీ ఊరికి అలాంటివి ఒకటో రెండో నడుస్తాయి, యాభై నడవవు.

మద్రాసులో వుడ్‌ల్యాండ్స్

తెలుగువాళ్లకు బాగా తెలిసిన డ్రైవ్-ఇన్ అమెరికాలో లేదు, మద్రాసు కెథీడ్రల్ రోడ్డులో ఉండేది. 1962లో మొదలైన వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్‌లో చెట్ల నీడన కారు ఆపితే తలుపుకు ట్రే తగిలించి ఇడ్లీ, దోశ, ఫిల్టర్ కాఫీ ఇచ్చేవారు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న కాలంలో అవకాశాల కోసం తిరిగేవాళ్లకు, కథలు రాసుకునేవాళ్లకు ఒక కాఫీతో గంటలు గడపగలిగిన చోటు. లెక్క ప్రకారం అమెరికా డ్రైవ్-ఇన్‌ల కంటే ముందే ఇది చితికిపోవాలి. నాలుగున్నర దశాబ్దాలు నిలిచిందంటే కారణం స్థలం మార్కెట్ ధరకు కొన్నది కాకపోవడమే. అది ఉద్యానవన సంఘానికి లీజుకిచ్చిన ప్రభుత్వ భూమి. నగరం నడిబొడ్డున ఎకరాల కొద్దీ నేల మీద నెమ్మదిగా సాగే టిఫిన్ హోటల్‌ను ఆ లీజే మోసింది. సుదీర్ఘ న్యాయ వివాదం తర్వాత భూమి ప్రభుత్వం చేతికి వెళ్లింది, 2008లో హోటల్ మూతపడింది. అక్కడ కట్టిన సెమ్మొళి పూంగా ఉద్యానవనం 2010 నవంబరులో తెరుచుకుంది. వ్యాపారం మందగించి మూతపడ్డ హోటల్ కాదది. చివరి రోజుల దాకా జనం వస్తూనే ఉన్నారు.

అందుకే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనో, విజయవాడ–గుంటూరు దారిలోనో ఎవరైనా పాత పద్ధతి డ్రైవ్-ఇన్ పెట్టాలనుకుంటే మెనూ కంటే ముందు గజం అద్దె చూసుకోవాలి. ఒక్కో కారుకు 33 గజాలు, 40 నిమిషాలు. ఆ స్థలానికి ఆ 40 నిమిషాల అద్దెను కారుకు వచ్చే బిల్లుతో పోల్చి చూడాలి. జీతాలు, వంటసరుకు, కరెంటు పోను మిగిలేది ఆ అద్దెను దాటకపోతే 40 స్లాట్లు కాదు, పది స్లాట్లు, పానీయాలు, ఒక కిటికీ దారి పెట్టుకోవడం మేలు. వాన నీరు వంటగది వైపు రాకుండా నేల వాలు రోడ్డు వైపు ఉండాలి. పందిరి కింద వెలుతురు మరీ తెల్లగా ఉంటే వానాకాలం పురుగులు ట్రేల మీదే వాలతాయి, పసుపు దీపాలు మేలు. ట్రే కొక్కేలను మాత్రం ఇప్పటి కార్ల వంపు అద్దాలకు సరిపోయేలా కొత్తగా చేయించుకోవాలి, పాత నమూనాలు పనికిరావు.